అగ్గి చూడని పటేలు

మొన్న సాయంత్రం మా ఇంట్లో పొయ్యి ముట్టలేదు. కరీంనగరంలో ఈ సంగతిని దాచిపెట్టడం కన్నా ఏనుగును ధోవతి కొంగులో దాచిపెట్టడం సులువు. మా పెంకుల మీద పొగ కనిపించకపోయేసరికి పక్కింటి ముసలమ్మ పిట్టగోడ మీదుగా మెడ చాచింది. అది మామూలు మెడ కాదు. అవసరమైతే మానేరు అవతలి ఒడ్డున ఎవరింట్లో ఏం కూరో చూసి, ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కుని వెనక్కి రాగల మెడ.

"ఏం బిడ్డా, పొయ్యి ముట్టియ్యలే? ఎవలన్న పోయిండ్రా?"

మా దిక్కు పద్ధతి అది. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. వాడకట్టులోని వాళ్ళే వండి, కుండలో అన్నం తెచ్చి, ఏడ్చేవాళ్ళను బతిమాలి తినిపిస్తారు. కప్పు మీద పొగ లేదంటే రెండే అర్థాలు. ఇంట్లో గింజ లేదు, లేదా ఇంట్లో మనిషి లేడు. మూడో అర్థం కూడా ఒకటుందని లోకానికి చాటిన మహానుభావుడు ఒక్కడే పుట్టాడు. ఆయనే పోయాడు.

"మా పచ్చి పటేలు పోయిండమ్మా" అన్నది నా భార్య.

"మీ ఇంటిపేరు పాలోడా?"

"కాదు."

"చుట్టమా?"

"కాదు."

"మరేమైతడే?"

నా భార్య "ఆయినింట్ల కిరాయికున్నం" అన్నది.

ముసలమ్మ మెడ వెనక్కి వెళ్ళిపోయింది. ఒకప్పుడు కిరాయికున్న ఇంటి ఆసామి పోతే పొయ్యి ఆర్పుకునే పిచ్చివాళ్ళు పక్కింట్లో ఉన్నారన్న వార్త, దీపాలు పెట్టేలోగా మానేరు దాటింది.

ఆ వార్త మాకు తెచ్చినవాడు లక్సెట్టిపేట దర్జీ. దారపు కండెలు కొనడానికి కరీంనగరం వచ్చి, మధ్యాహ్నం మా గడపలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి చెప్పాడు. అతను చెప్పినదంతా చివర చెబుతాను. ముందు మనిషిని చూపించాలి. చూపించకపోతే మీరూ మా పక్కింటి ముసలమ్మలాగే ఏమవుతాడని అడుగుతారు.

తెలుగులో 'పచ్చి' అన్న మాట ఎంత పెద్దమనిషి పక్కన నిలబడ్డా అతని పరువు తీసేస్తుంది. పచ్చి తాగుబోతు, పచ్చి దొంగ, పచ్చి మోసగాడు. నిజమంతటి నిజం కూడా 'పచ్చి' నిజమైందంటే ఎవరో ఒకరు కొంగు నోట్లో కుక్కుకోవలసిందే. ఇంత అప్రతిష్ఠ ఉన్న మాటను ఊరు తగిలించిపోతే, కిరీటంలా సవరించుకుని మీసం తిప్పిన మనిషి ఆయన. ఆ మీసాలు కొనదేలి ఎంత పొడుగుండేవంటే, ఎదురుగా సైకిలు వస్తే ఆయన పక్కకు తిరిగి దారి ఇచ్చేవాడు. చెవులు చేటలంత. పళ్ళు మాత్రం దేవుడు తీరికగా కూర్చుని చెక్కినవి. పెరట్లో ఆయన కీరకాయ కొరికితే గోదావరి అవతల ధర్మపురిలో పూజారులు ఎవరు కొబ్బరికాయ కొట్టారా అని వెనక్కి తిరిగి చూసేవారని ప్రతీతి. నేను కల్పించింది కాదు. నేను కల్పించి ఉంటే వాళ్ళు తీర్థం కూడా ఇచ్చేవారు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. కచేరీ బల్లల మీది నుంచి ఉర్దూ కాగితాలు లేచిపోయి, తెలుగు కాగితాలు ఇంకా వచ్చి కూర్చోని సంధికాలం. గుమాస్తాలకు చేసే పని లేదు కనుక నన్ను లక్సెట్టిపేట తాలూకా కచేరీకి బదిలీ చేశారు. కొత్త పెళ్ళాం, కొత్త ట్రంకు పెట్టె, పాత పరుపు చుట్టతో బస్సు దిగాను. ఊళ్ళో ఇల్లు అడిగితే ప్రతివాడూ నవ్వు ఆపుకుంటూ ఒకే దిక్కు వేలు చూపించాడు.

పటేలు మమ్మల్ని అరుగు మీద నిలబెట్టి నా ఊరు అడగలేదు, పేరు అడగలేదు, జీతం అడగలేదు. వంగి పిడికెడు మట్టి తీసి గాలిలోకి ఎగరేశాడు. మట్టి ఎటు పోతుందో కళ్ళు చికిలించి చూశాడు.

"అగో, గా పెరటి మూలకు పెట్టుకోండ్రి మీ పొయ్యి. గాలి గోదారి దిక్కు పోతది. ఇంట్ల మాత్రం అగ్గి ముట్టియ్యద్దు. గదొక్కటే షరతు. మిగిలింది అంత మీ ఇల్లే."

"వాన వస్తేనో పటేలా?" అన్నాను.

"వానొస్తె మాతోని తినుండ్రి" అన్నాడు.

ఆ మాటలోని భయంకరమైన అర్థం నాకప్పుడు తెలియలేదు.

నా భార్య వంటిల్లు చూసి వస్తానని లోపలికి వెళ్ళి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగి వచ్చింది. గింజ లేని ఇంటి గురించి మనవాళ్ళు 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అంటారు. పుట్టిన దగ్గర్నుంచి వింటున్న మాట. అసలు పిల్లిని చూసింది మాత్రం ఆ రోజే. పక్కనే గరిసె నిండా వడ్లు; చల్లటి పొయ్యిలో, మెత్తటి బూడిద మీద, జాగీరు కాగితాలు చేతికొచ్చినంత నిబ్బరంగా ఒక పిల్లి పడుకుని ఉంది. మమ్మల్ని చూసి ఒక కన్ను తెరిచి, పనివాళ్ళే అనుకుని మళ్ళీ మూసింది.

పటేలు ఏ వస్తువును చూసినా అడిగే ప్రశ్న ఒక్కటే: "అగ్గి చూసిందా?"

పెళ్ళికూతురి గుణగణాలు కూడా అంత నిష్ఠగా ఎవరూ ఆరా తీయరు. బియ్యం అగ్గి చూడలేదు కానీ అగ్గి లేకుండా లొంగదు, పక్కకు పెట్టు. అటుకులు దొంగచాటుగా చూసి వచ్చాయి, వెళ్ళగొట్టు. బెల్లం కడాయిలో ఉడికి ఉడికి ఏమీ ఎరగని మొహం పెట్టుకుని వచ్చిన ఘటం, గడప తొక్కనీయకు. ఉప్పు ఎండ చూసింది, అగ్గి చూడలేదు, రమ్మను. పాలు కాచనిదే మనిషికి ఆగవు. కాచకుండా తాగే హక్కు ఉన్నది దూడకే కనుక మొత్తం దూడకే వదిలిపెట్టు. పెరుగు, నెయ్యి, వెన్న దాంతోపాటే ఆ ఇంటి నుంచి సెలవు తీసుకున్నాయి. ఆ దూడ పాలన్నీ ఒంటరిగా తాగి, నేను వెళ్ళేనాటికి ఎంత పెరిగిందంటే, అది లేచి నిలబడితే వాకిట్లో సాయంత్రం అయ్యేది.

మిగిలిన వస్తువులతో ఆయన చేసే వంట, వంట అనకూడదేమో, చూడ్డానికి ఒక కలలా ఉండేది. తెల్లవారకముందే లేచి పెసళ్ళ మూట విప్పేవాడు. నానబోసి తడిగుడ్డలో కట్టి వాసానికి వేలాడదీసిన పెసళ్ళు రెండో పొద్దుకు తెల్లటి తోకలు చాచి, గుడ్డ నేతలోంచి బయటకు తొంగిచూస్తూ ఉండేవి. గోదావరి మీది మంచు పెరట్లోకి వచ్చి ఆ మూట చుట్టూ తిరిగేది. ఆ మసక వెలుతురులో పెద్ద మీసాల మనిషి ఒకడు మొలకలను పసిపిల్లల్లా అరచేతిలో పోసుకుని చూస్తుంటే, వాటికి పేర్లు పెడుతున్నాడేమో అనిపించేది.

"మీ పొయ్యి మీద వండేది మనిషి. నాది ఎండ వండుతది" అనేవాడు నాతో. "మామిడికాయను ఎవలు పండు చేసిండ్రు? మీ ఆమె చేసిందా? ఎండ నా వంటామె. జీతమడగదు, అలగదు."

"వానాకాలం పుట్టింటికి పోతది గదా పటేలా?" అన్నాను.

"పోతది. జర పరేషానే అప్పుడు" అని ఒప్పుకున్నాడు.

పెసళ్ళలో మామిడి తురుము, ఉల్లిగడ్డ, కొత్తిమీర. నానిన పల్లీలు. కత్తిపీట ముందు కూర్చుని తానే తరిగిన దోసకాయ ముక్కలు. వాటిలో ఒక్కటి ఇంకోదాని పోలిక ఉండేది కాదు. ఒకటి గోరంత, ఒకటి గొడ్డలంత. పచ్చిపులుసు మాత్రం పోపు లేకుండా, చింతపండు చేత్తో పిసికి చేసేవాడు. అది పోసిన రోజు ఆయన వాదన వినాలి.

"తెలంగాణల పచ్చిపులుసు తాగని నాలుకున్నదా? అది పచ్చిదే గదా! దానికి మాత్రం దండం పెడుతరు. నన్ను చూసి నవ్వుతరు."

రుచి సంగతి అడగకండి. మొదటి వాన కురిసిన నాడు మేము ఆయనతో తిన్నాం. మొలకలు నమిలి నమిలి, సాయంత్రానికి నా దవడలు నా మాట వినడం మానేశాయి. నా భార్య వాన ఎప్పుడు ఆగుతుందా అని ఆకాశం వంక చూసిన చూపుకు మబ్బులే సిగ్గుపడి తప్పుకున్నాయి.

ఇక పెద్దమ్మ గురించి చెప్పాలి. పటేలు భార్యను మేము అలాగే పిలిచేవాళ్ళం. చిన్న మనిషి, పెద్ద ముక్కు. లక్సెట్టిపేట చుట్టుపక్కల ఆమె చేతి వంట తెలియని పెళ్ళి లేదట. ఆమె సర్వపిండి కాలుతుంటే దారిన పోయే బండ్ల ఎద్దులు తమంతట తామే ఆగేవట. అలాంటి మనిషి ఇప్పుడు వంటింటి గడపలో గోడకు వీపు ఆనించి కూర్చుని, మొగుడు దోసకాయను హత్య చేస్తుంటే చూసేది. ఆమెకు దమ్ము జబ్బు. మాట మధ్యలో ఊపిరి అందక ఆగి, గొంతులో పిల్లనగ్రోవి మోగినట్టు సన్నగా మోగి, మళ్ళీ మాట అందుకునేది.

"పొయ్యి లేని ఇల్లు, బొట్టు లేని మొఖం ఒక్కటే బిడ్డా" అనేది నా భార్యతో, ఆయన వినేలాగ. "ఏం పాపం చేసిన్నో, మొగనికి గడ్డి తినే పురుగు కుట్టింది. నా చేతి బువ్వ చేదైంది."

పటేలు వినిపించనట్టు దోసకాయ మీదికి మరింత వంగేవాడు. అంతంత చెవులున్న మనిషికి వినిపించకపోవడం ఎంత కష్టమో ఊహించండి.

మా పొయ్యి పెరటి చివర ఉండేది. పెద్దమ్మ అంత దూరం రాకూడదని ఆయన ఆజ్ఞ. ఆమె వెనక తలుపు దగ్గర కూర్చుని వాసన మీదే మా వంట నడిపించేది.

"మంట జర తగ్గియ్యి బిడ్డా, పప్పు అడుగంటుతుంది... ఎల్లిపాయ ఎర్రగైంది, ఇగ దించు... ఉప్పెయ్యలే నువ్వు!"

ఉప్పు వాసన ఎలా తెలుస్తుందని నా భార్య ఇప్పటికీ ఆశ్చర్యపోతుంది.

ఒకనాటి మధ్యాహ్నం కచేరీలో అందరూ కునుకు తీస్తున్నారు. పంకా తాడు లాగే జవాను కూడా నిద్రలోనే లాగుతున్నాడు. పటేలు వచ్చి నా బల్ల ఎదుట కూర్చున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, ముందుకు వంగాడు. మీసాలు నా సిరాబుడ్డిని దాటి వచ్చాయి.

"ఇయ్యాల మీ ఇంట్ల ఏం కూర?"

"పుంటికూర పటేలా" అన్నాను. గోంగూరకు మా దిక్కు పేరు అది.

"పప్పుల ఏసిండ్రా, ఉత్తదా?"

"పప్పులోనే."

"బువ్వ వేడిగుండెనా?"

నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆ కళ్ళు ఎన్నో ఏళ్ళుగా సెలవు దొరకని సిపాయి కళ్ళలా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఈ మనిషికి పచ్చి తిండి అంటే ఇష్టం కాదు కదా, దాన్ని చూస్తేనే వణుకు.

"మరెందుకు పటేలా ఈ తిప్పలు?"

చెప్పాడు. మంచిర్యాల హకీం దగ్గరికి పెద్దమ్మ దమ్ము సంగతి అడగడానికి ఒక్కడే వెళ్ళాడట. పొగ మానకుంటే మనిషి దక్కదన్నాడట హకీం. ఆమెకు చెప్పి చూడకపోలేదు. పొయ్యిని పెరట్లోకి మార్చాడు, ఆమె పెరట్లోకి మారింది. వంటమనిషిని పెట్టాడు, ఆమెను లేపి తానే కూర్చుంది. ఊదుగొట్టం ఆమె చేతికి ఆరో వేలు.

"నీ పాణం కోసం పొయ్యి బంద్ చేస్తున్న అన్ననుకో. 'నా వల్ల ఇంటి పొయ్యి ఆరిందన్న మాట పడుడు కన్న పొయ్యి ముంగటనే పోత' అంటది. గట్ల అన్నది గూడ ఒక్కసారి. అందుకని పిచ్చి నాకు పట్టిందన్న. నాకు పడితె ఎవలేం జేస్తరు? మొగడు తినంది తాను తినదు. పొయ్యి దానంతటదే ఆరింది." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు రాత్రిళ్ళు దగ్గు తగ్గింది. జర నిద్రపోతుంది. మా చెల్లెకు, నీకు తప్ప ఎవలకు తెల్వదు. నువ్వు మాత్రం నోరు జారద్దు. తెలిసిన రోజే మల్ల పొయ్యి ముట్టిస్తది."

ఆ ఇంట్లో అగ్గి చూడకుండా వండిన ఒకే ఒక వంట అది. పచ్చి అబద్ధం.

"ఫికర్ చేయకు పటేలా" అన్నాను.

"చేయ. గని గా పుంటికూర సంగతి జర మంచిగ చెప్పు" అని కళ్ళు మూసుకున్నాడు.

నేను చెప్పాను. మొదట ఉన్నదున్నట్టే చెప్పాను. ఆయన ముఖంలో వెలుగు చాలలేదు. అందుకని అన్నం మీది ఆవిరిని కొంచెం పెంచాను. ఆవిరి కచేరీ కిటికీలోంచి పోయి గోదావరి మంచుతో కలిసింది. పప్పులో ఎండుమిరపకాయ వేస్తే ఆ చప్పుడుకు పావురాలు లేచాయి. మరునాడు వంకాయ కూర. అందులో నూనె ఎంత తేలిందంటే పడవ వేసుకుని అవతలికి పోయి పెద్ద ముక్క తెచ్చుకోవాలి. పటేలు కళ్ళు మూసుకుని గుటకలు వేసేవాడు. చేటల్లాంటి చెవులు ఎర్రబడేవి. చివరికి పొడుగ్గా త్రేన్చి, తువ్వాల భుజాన వేసుకుని లేచి వెళ్ళి, పెరట్లో మొలకలు నమిలేవాడు. ఉన్నదాన్ని పెంచి చెప్పే ఈ నా దుర్గుణం గురించి ఈ మధ్య కొందరు మిత్రులు విసుక్కుంటున్నారు. వాళ్ళకు నా జవాబు ఇది. నేనిది సరదాకి నేర్చుకోలేదు. ఆకలితో ఉన్న మనిషి కోసం నేర్చుకున్నాను.

అలా ఆయన చెవులతో తింటూ, ఆమె ముక్కుతో వండుతూ, ఆ ఇంట్లో రోజులు నడిచాయి. సాయంత్రాలు నేను గోదావరి ఒడ్డు నుంచి తిరిగి వస్తూ ఊరు వైపు చూసేవాణ్ణి. ఇంటింటి పొగ లేచి, కలిసి, ఊరంతటి మీద నీలం దుప్పటి పరుచుకునేది. పటేలు ఇంటి మీద మాత్రం ఆ దుప్పటికి చిల్లు. ఆ చిల్లులోంచి మొదటి చుక్క కనిపించేది. ఊళ్ళోకి చుక్కలు ఆ దారినే దిగుతాయేమో అనుకునేవాణ్ణి.

ఆ చలికాలం నా భార్య పుట్టింటికి కరీంనగరం వెళ్ళింది. నేను హోటల్లో తినడం మొదలుపెట్టాను. అంటే పెరట్లో లేచే మా పొగ కూడా ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే పెద్దమ్మకు చలిగాలికి దమ్ము ఎక్కువై, తలుపులు మూసుకుని లోపలే పడుకుంది. పటేలు ఎవరికీ చెప్పకుండా ధర్మపురి వెళ్ళి, ఆమె తేరుకోవాలని మొక్కి తల గుండు చేయించుకుని వచ్చాడు. మొక్కులో మీసాలు లేకపోవడంతో అవి మిగిలాయి. ఇంట్లో నీళ్ళు కాచే వీల్లేదు కనుక పొద్దున్నే బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుంటూ, ఆ ఆదిలాబాదు చలికి తట్టుకోలేక దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచి ఏడ్చినంత పని చేసేవాడు.

వాడకట్టు ఇదంతా చూసింది. పొగ లేదు. ఆడమనిషి కనిపించడం లేదు. మగమనిషికి గుండు. పొద్దున్నే బావి దగ్గర ఏడుపు. ఇక చెప్పేదేముంది?

సాయంత్రం నేను కచేరీ నుంచి వచ్చేసరికి పటేలింటి ముందు జనం. ఎడ్లబండి ఒకటి విప్పి ఉంది. పక్క ఊళ్ళో ఉండే పటేలు చెల్లెలు కబురంది వచ్చింది. అరుగు మీద కూలబడి, నెత్తి కొట్టుకుంటూ శోకం పెడుతోంది. పక్కన ఎవరో తెచ్చిన అన్నం కుండ, పప్పు గిన్నె ఆవిర్లు కక్కుతున్నాయి. మా దిక్కు శోకమంటే ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషి మంచి చెడ్డా, ఎవరికీ చెప్పని మాటలూ అన్నీ రాగం కట్టి పోయిన మనిషికే చెప్పుకుంటారు.

"ఓ వదినా... ఎంత పని జేస్తివి వదినా... నీ చేతి సర్వపిండి ఇగ ఎవలు పెడుతరు వదినా... పొగతోని నీ దమ్ము పోతదని హకీము చెప్పె గదా వదినా... నీకు చెప్తె ఇనవని మా అన్న పిచ్చోని లెక్క నటించె గదా వదినా... మాంసం కూర లేంది ముద్ద దిగనోడు నీకోసం ఏండ్లకేండ్లు గడ్డి తినె గదా వదినా... గంత తిన్నా నిన్ను దక్కించుకోకపాయె గదా వదినా..."

వీధి మలుపులో పటేలు కనిపించాడు. గోదావరి ఇసుకలో పండిన కీరకాయల గంప నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. తన ఇంటి ముందు జనం, బండి, శోకం. ఆయనకు కూడా ఇంకో అర్థం తోచలేదు. పొద్దున్న తాను వెళ్ళేటప్పుడు ఆమె పడుకుని ఉంది. గంప జారిపోయింది. కీరకాయలు వీధంతా దొర్లాయి. అంత మనిషి రెండడుగులు వేసి, మూడోది మరిచిపోయినట్టు మట్టిలో కూర్చుండిపోయాడు. నేను పరుగెత్తి భుజం పట్టుకున్నాను.  నేను ఆ క్షణాన్ని పెంచి చెప్పలేను. దానికి నా దగ్గర సరుకు లేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

పెద్దమ్మ గొంగడి కప్పుకుని గడపలో నిలబడింది. శోకం రాగం మధ్యలో తెగింది. ఆడబిడ్డ నోరు తెరిచినట్టే ఉంది. ఎవరో 'దయ్యం' అని అరవబోయి మర్యాద కాదని ఆపుకున్నారు.

"ఆపినవెందుకు మరదలా? చెప్పు" అన్నది పెద్దమ్మ. ఊపిరి ఎగబీలుస్తోంది. "తలుపెనుక నిలబడి అంత విన్న. మంచిగనే ఏడుస్తున్నవు. సర్వపిండి సంగతొకటే నాకెరుక. మిగిలింది ఇప్పుడే ఎరుకైంది."

జనాన్ని తప్పించుకుంటూ పటేలు ముందుకు వచ్చాడు. ఒళ్ళంతా మట్టి.

"ఉన్నవానే?"

"ఉన్న." ఆయన గుండును, మట్టిని, మీసాలను చూసింది. "హకీం మాట నాకెందుకు చెప్పలే?"

"చెప్తె పొయ్యి ముట్టిస్తవని."

ఊరంతా ఆమె ముఖం వంకే చూస్తోంది. పటేలు మాత్రం లోపలి పొయ్యి వంక చూస్తున్నాడు, పిల్లి ఇంకా అందులోనే ఉందా లేదా అని. ఆమె ఇప్పుడు 'పొయ్యి ముట్టిస్త' అన్నదంటే చాలు, అన్నేళ్ళు నమిలిన మొలకలన్నీ ఆ ఒక్క మాటలో తేలిపోతాయి.

ఆమె గడప దాటి అరుగు మీదికి వచ్చింది. వంగి, తనకోసం వచ్చిన ఆ అన్నం కుండను లాక్కుంది. లోపలి నుంచి విస్తరాకు తెచ్చి అరుగు మీద పరిచింది. వేడి అన్నం కుప్ప పోసింది, పప్పు పోసింది.

"కూసో. తిను."

"అగ్గి చూసింది గదనే" అన్నాడు పటేలు, చిన్నపిల్లవాడిలా.

"చూసింది. తిను. ఇయ్యాల నేను పోయిన్ననుకొని తిను. రేపటి నుంచి రోలు నాది. నువ్వు కత్తిపీట ముట్టినవంటె ఊకోను. దోసకాయలు కోసే తీరేనా అది? చూడలేక సచ్చిన ఇన్నొద్దులు."

పటేలు తిన్నాడు. ఊరంతా నిలబడి చూస్తుండగా కళ్ళు మూసుకుని తిన్నాడు. శోకాలు పెట్టడానికి వచ్చినవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూ, ఒకరు పచ్చడి, ఒకరు చల్ల తెచ్చి వడ్డించారు. చల్ల మాత్రం చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. దూడ వాటా అట.

మరునాటి నుంచి ఆ ఇంట్లో తిండి స్వరూపం మారింది. చెయ్యి తిరిగిన వంటామెకు అగ్గి లేకపోతేనేం? పెద్దమ్మ రోటి ముందు కూర్చుంది. ఊపిరి ఆడనివ్వక తొందరపెట్టే పని కాదది. నెమ్మదిగా, ఆగి ఆగి నూరుకోవచ్చు. నువ్వులు నూరి దోసకాయ ముక్కలకు పట్టించింది. ఎండాకాలం రాగానే పచ్చి మామిడి, పచ్చిమిర్చి, కొబ్బరి కచ్చాపచ్చాగా దంచింది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ చేత్తో నలిపి, కొత్తిమీర వేసి మూత పెట్టి, 'జర ఊరనియ్యి' అనేది. ఆమె చేతిలో ఊరడమే ఉడకడం అయింది. జైనూరు దిక్కు నుంచి గోండులు తెచ్చి అమ్మే ఇప్పపువ్వు సంగతి వేరే చెప్పాలి. తెల్లవారుజామున రాలిన పూలు, ఎండకు కిస్‌మిస్‌లా ముడుచుకున్నవి. వాటిని కడిగి, నువ్వులూ కొబ్బరీ కలిపి దంచి ముద్దలు కట్టేది. నోట్లో వేసుకుంటే ముందు అడవి వాసన, తరవాత తీపి, ఆ తరవాత ఎక్కడున్నామో తెలియని హాయి. ఇప్పపువ్వు బస్తా చూసి సారా కాస్తున్నారేమోనని ఆబ్కారీ జవాను ఒకడు వచ్చాడు. ఒక ముద్ద తిన్నాడు. ఆ తరవాత వారం వారం అనుమానంతో వచ్చేవాడు.

నేను బదిలీ అయి వచ్చే ముందు రోజు పటేలు ఎప్పటిలాగే కచేరీకి వచ్చాడు. అలవాటు ప్రకారం వేడి అన్నం, మునక్కాయ చారు వర్ణించడం మొదలుపెట్టాను. కాసేపు విని కళ్ళు తెరిచాడు.

"ఇగ వద్దు బిడ్డా. గంత వేడిది ఎట్ల తింటరు మీరు? నోరు కాలది?"

అబద్ధం ఊరి ఊరి నిజమైపోయింది.

ఇక దర్జీ చెప్పింది. "జబ్బేం లేదు సార్. నిద్రల్నే పోయిండు. తెల్లారంగ నేను మిషన్ ముంగట కూసున్న. సూదిల దారం ఎక్కిస్తూ తలెత్తిన. పటేలింటి మీద పొగ లేచింది సార్."

గడపలో నిలబడ్డ నా భార్య కింద కూర్చుంది.

"కత్తెర పడేసి ఉరికిన. వాడకట్టంత ఉరికింది. ఎవలు ఎవల్ని అడుగలే. పొయి చూస్తె పెద్దమ్మ ఎవలకు చెప్పకముందే పొయ్యిలకెల్లి పిల్లిని తీసి పక్కకు పెట్టింది. పిడకలు పేర్చి, ఊదుగొట్టం పట్టుకుని ఊదుతుంది. పాడె ముంగట పట్టే కుండల నిప్పు ఇంటి పొయ్యిదే పోవాలె గదా సార్. 'మేం ముట్టిస్తం పెద్దమ్మా, పొగ నీకు పడది' అన్నం. ఇన్లే. 'ఇంటోడు బయటి నిప్పుతోని పోతడా?' అన్నది."

"దగ్గు వచ్చిందా?" అని అడిగింది నా భార్య.

"రాలే అమ్మా. నిప్పు రాజుకున్నదాక ఒక్కసారి గూడ దగ్గలే. మా అవ్వ ఊకోక, 'గింత దమ్మెక్కడిదే నీకు?' అన్నది. పెద్దమ్మ గొట్టం కింద పెట్టి, 'నాది కాదు, ఆయినె దాచిపెట్టిండు' అన్నది."

దర్జీ చెంబులోని మిగిలిన నీళ్ళు తాగి, దారపు కండెల సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. నా భార్య లేచి లోపలికి వెళ్ళింది. అగ్గిపెట్టె చప్పుడు వస్తుందేమోనని విన్నాను. డబ్బా మూత తీసిన చప్పుడు వచ్చింది. గిన్నెలోని నీళ్ళలో పెసళ్ళు రాలిన చప్పుడు వచ్చింది.